‘కొకొరో’ను ఈ కాలానికి తేబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ముసాయిదా పూర్తిగా చదివాను. టోక్యోలోనే ఉండి, అక్కడి దర్శకుడితో, అక్కడి నటులతో, జపనీసులోనే తీయబోతున్నారు కాబట్టి కథను మన ఊళ్లకు దించాలా వద్దా అనే తగువు లేదు. నత్సుమే సోసెకి నవలను టోక్యో నుంచి పెకలిస్తే సగం బలం అక్కడే పోతుంది. కథ ఒక్క ముక్కలో ఇదీ: ఒక కుర్రాడు ‘సెన్సెయ్’, అంటే గురువు, అని పిలుచుకునే మనిషి యవ్వనంలో తన స్నేహితుడు కె ప్రేమించిన అమ్మాయిని అతనికి చెప్పకుండా తనకు ఖాయం చేసుకుంటాడు, కె ప్రాణం తీసుకుంటాడు; ఏళ్ల తర్వాత అదంతా కుర్రాడికి ఉత్తరంగా రాసి సెన్సెయ్ కూడా ప్రాణం తీసుకుంటాడు.

నీ ముసాయిదాకు పట్టిన జబ్బు వేరు. సెన్సెయ్‌ని ఎత్తైన అపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టావు, కుర్రాడి చేతికి ఫోన్ ఇచ్చావు, ఉత్తరాన్ని ఈమెయిల్ చేశావు. సామాను మారింది, అంతే. 1912లో ఆ మనుషుల నోళ్లు కట్టేసినవి కొన్ని ఉన్నాయి. వాటిని తీసేసి, వాటి చోట నువ్వు ఏమీ పెట్టలేదు. ఈ కథలో ప్రతి మలుపూ ఎవరో ఒకరు చెప్పాల్సింది చెప్పకపోవడం వల్లనే వస్తుంది. ఇప్పటి మనిషి ఎందుకు చెప్పడు, ఎందుకు అడగడు? ప్రతి సన్నివేశానికీ ఈ ప్రశ్నకు జవాబు రాసుకోవాలి. దొరకని చోట ప్రేక్షకుడు ‘ఒక్క ఫోన్ చేస్తే పోయేదానికి’ అనుకుంటాడు. అలా అనుకున్న క్షణం నుంచి సినిమా నీ చేతిలో ఉండదు.

ముందు హక్కుల సంగతి, క్లుప్తంగా. సోసెకి 1916లో పోయాడు, మూలం మీద ఎవరికీ హక్కు లేదు. అవోజోరా బుంకో సైటులో జపనీసు పాఠం ఉచితంగా దొరుకుతుంది. కానీ నువ్వు చదివినది ఇంగ్లీషు అనువాదం. మెక్లెలన్ 1957లో చేసినదైనా, మెకిన్నీ 2010లో చేసినదైనా, ఆ వాక్యాలు అనువాదకులవి. నీ ముసాయిదాలో కొన్ని సంభాషణలు అనువాదం నుంచే వచ్చినట్టు తెలిసిపోతోంది. అవన్నీ కొట్టేసి మూలం దగ్గరికి వెళ్లు. నీ జపనీసు ఆఫీసు పనికి సరిపోతుందేమో గానీ సోసెకి నాటి పాత వచనానికి చాలదు. సాహిత్యం చదువుకున్న జపనీసు మనిషిని డబ్బిచ్చి పక్కన కూర్చోబెట్టుకో. తర్వాతి సినిమాకు కవాబాతానో మిషిమానో పట్టుకోవాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే చెబుతున్నాను: 1968లోనూ ఆ తర్వాతా పోయిన రచయితలకు జపాన్‌లో 70 ఏళ్ల రక్షణ ఉంది. మిషిమాకు 2040 చివరి దాకా, కవాబాతాకు 2042 చివరి దాకా అనుమతి లేకుండా ఒక్క పేజీ కూడా ముట్టుకోలేవు.

ఇక అసలు పని. నవల 1914 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అసాహి షింబున్‌లో 110 భాగాలుగా వచ్చింది. మొదటి ఖండం 36, రెండోది 18, సెన్సెయ్ ఉత్తరం 56. ఒక్కో భాగానికి ఒక్కో కార్డు రాయి. కార్డు మీద మూడే విషయాలు: ఎక్కడ, ఎవరెవరు, ఈ భాగం అయ్యేసరికి ఎవరికి కొత్తగా ఏం తెలిసింది. మూడో గడి ఖాళీగా మిగిలిన కార్డులు ఒక పక్కన పెట్టు. వాటిలో చాలావరకు సెన్సెయ్ ఆలోచనలే ఉంటాయి. అవి చదవడానికి అద్భుతంగా ఉంటాయి, తెరకు అందవు. మిగిలిన కార్డులతో గోడ మీద ఒక పట్టిక వెయ్యి: నిలువున సెన్సెయ్, కె, ఇంటావిడ (వాళ్లిద్దరూ బస చేసిన ఇంటి యజమానురాలు), ఆమె కూతురు (అంటే తర్వాత సెన్సెయ్ భార్య), కుర్రాడు. అడ్డంగా సంఘటనలు. ఎవరికి ఏ రోజున ఏం తెలుసో గళ్లలో రాస్తే ఈ నవల ఎంత పకడ్బందీగా కట్టారో కనిపిస్తుంది. కె తన ప్రేమ సంగతి సెన్సెయ్‌కి చెబుతాడు. సెన్సెయ్ తన సంగతి కెకి చెప్పడు. ఇంటావిడకు కె మనసు తెలియదు. కూతురికి ఏం తెలుసో సోసెకి చెప్పనే లేదు. ఆ గడిని నువ్వూ ఖాళీగానే ఉంచు. దర్శకుడు అడుగుతాడు, నటి ఇంకా గట్టిగా అడుగుతుంది. నటికి విడిగా ఒక జవాబు చెప్పు, స్క్రిప్టులో మాత్రం రాయకు.

కాలం ఎంపిక దగ్గర నువ్వు తొందరపడ్డావు. ‘ఇప్పుడు’ అని రాసి వదిలేశావు. నవలలో మెయ్‌జీ చక్రవర్తి 1912 జులై 30న పోతాడు, ఆయన అంత్యక్రియల రోజు సెప్టెంబరు 13న జనరల్ నోగి భార్యతో సహా ప్రాణం తీసుకుంటాడు. సెన్సెయ్ చావుకు ఇది కారణం కాదు, చివరి నెట్టు మాత్రమే. నోగి ఎందుకు పోయాడో నాకు సరిగ్గా బోధపడనట్టే నా సంగతీ నీకు బోధపడకపోవచ్చునని సెన్సెయే ఉత్తరంలో ఒప్పుకుంటాడు. కాబట్టి నోగికి బదులుగా ఒక ప్రముఖుడి ఆత్మహత్యను వెతికి తగిలించడం దండగ. నీ రెండో అంకంలో గాయకుడి మరణం అలాంటిదే, తీసెయ్. కావలసింది ఒక యుగం ముగిసిపోయిందన్న భావం. దానికి జపాన్ చరిత్రే రెండు తేదీలు ఇచ్చింది. షోవా చక్రవర్తి 1989 జనవరి 7న పోయాడు. ఆయన తర్వాతి చక్రవర్తి యుగం హెయ్‌సెయ్ 2019 ఏప్రిల్ 30న ముగిసింది, అదీ మరణంతో కాదు, పదవీత్యాగంతో. కె కథను మొదటి తేదీ చుట్టూ, కుర్రాడి కథను రెండో తేదీ చుట్టూ పెట్టు. 1989లో ఇరవై ఏళ్ల సెన్సెయ్‌కి 2019లో యాభై.

ఈ లెక్క వల్ల కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. 1988 సెప్టెంబరులో చక్రవర్తికి జబ్బు ముదిరింది. ఆ శరదృతువంతా దేశం గొంతు తగ్గించుకుంది, ఊరి ఉత్సవాలు ఆగిపోయాయి, వేడుకలు రద్దయ్యాయి. గట్టిగా నవ్వడం కూడా మర్యాద కాదన్నట్టున్న ఆ నెలల్లో ఒకే ఇంట్లో ఇద్దరు యువకులు, ఒక అమ్మాయి. నోళ్లు కట్టేయడానికి నువ్వు కొత్తగా ఏదీ కల్పించక్కర్లేదు. నవలలో కొత్త సంవత్సరానికి కరుతా చీట్ల ఆట ఉంది. అమ్మాయి కె పక్షాన కూర్చోవడం చూసి సెన్సెయ్ కుమిలిపోతాడు. అది 1989 జనవరి మొదటి రోజుల్లో వస్తుంది. తల్లీ కూతుళ్లు ఇచిగయలోని బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు కె తన మనసు చెప్పే సన్నివేశాన్ని జనవరి 8న పెట్టు. టీవీలో దాదాపు ఏ చానల్ తిప్పినా చక్రవర్తి కార్యక్రమాలే, ప్రకటనలు కూడా లేవు. ఇద్దరూ టీవీ కట్టేస్తారు. ఇక మాట్లాడుకోవడం తప్ప గతి లేదు.

ఒక ఉచ్చు కూడా ఉంది. నవలలో కె చనిపోయేది శనివారం రాత్రి. షోవా చక్రవర్తి అంత్యక్రియలు 1989 ఫిబ్రవరి 24న, శుక్రవారం జరిగాయి. ఆ మర్నాడే శనివారం! చూడగానే చేయి దురద పెడుతుంది. పెట్టకు. కె చక్రవర్తి కోసం పోయాడని ప్రేక్షకుడు అనుకుంటే కథ తలకిందులవుతుంది. ఒక వారం ముందుకు, 18వ తేదీకి జరుపు. అప్పుడు అంత్యక్రియల రోజుకి ఆ ఇంట్లో చావు జరిగి ఆరు రోజులై ఉంటుంది. వీధిలో వేలాడే నల్ల గుడ్డ కట్టిన జెండాలు వాళ్ల దుఃఖానివి కావు, అయినా వాళ్ల కంటికి వాళ్లవే. దీన్ని ఏ పాత్ర చేతా చెప్పించకు.

2019 వైపు ఇబ్బంది వేరే రకం. మెయ్‌జీ ముగింపు పిడుగులా పడింది. హెయ్‌సెయ్ ముగిసే తేదీ మాత్రం 2017 డిసెంబరులోనే ఖరారైంది, అందరికీ తెలుసు. పైగా ఆ వారం పది రోజుల వరుస సెలవులు. జనం సంబరంగా లెక్కపెట్టారు. సెన్సెయ్ ఒక్కడే ఆ తేదీని మరోలా లెక్కపెడుతుంటాడు. ఇది సోసెకి దగ్గర లేని సంగతి, నీకు ఉచితంగా దొరికింది. అయితే తెర మీద ‘ఇంకా 30 రోజులు’ లాంటి అక్షరాలు వేశావంటే అది సస్పెన్స్ సినిమా అయిపోతుంది. గోడ క్యాలెండర్ ఒకసారి, ఏప్రిల్ 1న కొత్త యుగం పేరు ప్రకటించే టీవీ దృశ్యం ఒకసారి. చాలు.

డబ్బు మూలం సరిచూసుకో. సెన్సెయ్ ఉద్యోగం చేయడు, చేయకపోవడమే ఆ పాత్ర. నువ్వు అతన్ని రిటైరైన ప్రొఫెసర్‌ని చేశావు. ‘సెన్సెయ్’ అనే పిలుపుకి కారణం దొరుకుతుందని చేసి ఉంటావు. అది సులువైన దారి, తప్పు దారి. ఎవరికీ ఏమీ నేర్పని మనిషిని ఒక కుర్రాడు గురువుగా ఎంచుకోవడంలోనే విషాదం ఉంది. నవలలో అతనిది నీగాతా. తల్లిదండ్రులు టైఫాయిడ్‌తో పోతే బాబాయి ఆస్తి మింగుతాడు, మిగిలిన ముక్క అమ్ముకుని ఆ డబ్బు మీదే బతుకుతాడు. 1980ల చివర నీగాతాలోనే యుజావా దగ్గర, 1982లో షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు వచ్చిన తర్వాత, స్కీ రిసార్టు ఫ్లాట్ల కోసం స్థలాలు ఎగబడి కొన్నారు. ఆ కుటుంబానికి అక్కడ పొలం ఉందనుకో. బాబాయి చేతి మోసం దానంతటదే పెద్దదవుతుంది, మిగిలిన ముక్క కూడా ఒక జీవితానికి సరిపోతుంది. అవే ఫ్లాట్లలో కొన్ని తర్వాత లక్ష యెన్ల ధరకు పడిపోయాయి. 2019 భాగంలో కుర్రాడు అటుగా రైల్లో వెళితే ఆ ఖాళీ భవనాలు కిటికీలోంచి కనిపించనీ, ఎవరూ వివరించక్కర్లేదు.

కె విషయంలో ఒక చిల్లు పూడ్చాలి. గుడి ఇంటి రెండో కొడుకు. వైద్యుడి కుటుంబం దత్తత తీసుకుని డాక్టర్ చదవమని పంపితే, వేరే చదువు చదువుతూ మూడేళ్లు వాళ్లను నమ్మిస్తాడు. 1988లో ఫీజు కట్టేవాడికి ఏ విభాగమో తెలియకుండా ఉంటుందా? ఉండదు. కాబట్టి మూడేళ్ల మోసం వదిలెయ్. మెడికల్ సీటు వచ్చింది, చేరాడు, ఒక సెమిస్టరు తర్వాత క్లాసులకు వెళ్లడం మానేశాడు. మొదటి పరీక్షల ఫలితంతో బయటపడింది, రెండు ఇళ్లూ వదిలేశాయి. ఆరు నెలలు చాలు. మనకు కావలసింది మోసం ఎన్నాళ్లు సాగిందన్నది కాదు, కెకి వెనక్కి వెళ్లడానికి ఇల్లు లేకుండా పోవడం. సెన్సెయ్ జాలిపడి తన బసకు తెచ్చుకోవడం అప్పుడే సహజంగా ఉంటుంది.

ఇక ఆ బస. ఇది సినిమాకు గుండెకాయ. నీ ముసాయిదాలో ఇద్దరికీ చెరో గది, మధ్యలో కారిడార్. నవలలో అలా కాదు. కొయిషికావలోని ఆ ఇంట్లో సెన్సెయ్‌ది ఎనిమిది టాటామీల గది (టాటామీ అంటే నేల మీద పరిచే చాప, గదిని వాటితోనే కొలుస్తారు), కెది దాన్ని ఆనుకుని ఉన్న నాలుగు టాటామీల గది. మధ్యలో ఫుసుమా అనే, పక్కకి జరిపే కాగితపు తలుపు. సెన్సెయ్ తన గదిలోకి వెళ్లాలంటే కె గది దాటి వెళ్లాలి. ఒక రాత్రి ఆ తలుపు రెండడుగుల మేర తెరుచుకుని కె నీడలా నిలబడి ‘పడుకున్నావా’ అని అడుగుతాడు. కె చనిపోయిన రాత్రి కూడా తలుపు అంతే తెరిచి ఉంటుంది. ఈ రెండు షాట్లూ ఒకే కోణం, ఒకే లెన్స్, ఒకే దూరం. స్క్రిప్టులోనే రాసెయ్, దర్శకుడి ఇష్టానికి వదలకు. నాలుగు టాటామీలంటే సుమారు ఆరున్నర చదరపు మీటర్లు. అందులో ఇద్దరు నటులూ కెమెరా పట్టవు. నిజమైన పాత ఇల్లు దొరికిందని సంబరపడి అక్కడే తీస్తే కెమెరా ఎప్పుడూ గుమ్మంలోనే ఇరుక్కుంటుంది. ఇక్కడ ఆ ఇరుకు మేలే చేస్తుంది. గతం అంతా సెన్సెయ్ ఉత్తరం కాబట్టి సెన్సెయ్ లేని చోటికి కెమెరా వెళ్లకూడదు. కె గదిని ఎప్పుడూ ఎనిమిది టాటామీల వైపు నుంచే చూపించు.

ఈ నియమం నీకు కష్టం కలిగించేది ఒక్క చోటే. సెన్సెయ్ ఒంట్లో బాగాలేదని క్లాసు ఎగ్గొట్టి, కె లేని సమయం చూసి, అమ్మాయిని నాకివ్వండని ఇంటావిడను అడుగుతాడు. పావుగంట కూడా పట్టకుండా ఒప్పందం అయిపోతుంది. కొన్నాళ్లకు ఆవిడే కెకి ఆ వార్త చెబుతుంది. నువ్వు ఆ సన్నివేశం తీశావు, కె కళ్లలో నీళ్లు కూడా పెట్టావు. నవలలో అది ఇంటావిడ నోట వింటాం. కె నవ్వాడు, పెళ్లెప్పుడని అడిగాడు, కానుక ఇద్దామంటే డబ్బు లేదన్నాడు. ఆవిడ దాన్ని మామూలు కబురులా చెబుతుంటే సెన్సెయ్ వింటూ ఉంటాడు. అంతకంటే క్రూరమైన సన్నివేశం నువ్వూ నేనూ కల్పించలేం. అయితే 1989లో అమ్మాయిని అడక్కుండా తల్లి మాట ఇచ్చేస్తుందా? ఇవ్వదు. ఇంటావిడ ‘సాయంత్రం అడిగి చెబుతాను’ అనాలి. సాయంత్రం దాకా సెన్సెయ్ జింబోచో పుస్తకాల వీధుల్లో కాలు నిలవక తిరగాలి. ఆ తిరుగుడు నవలలోనూ ఉంది. అమ్మాయి ఒప్పుకున్నట్టు రాత్రి భోజనాల దగ్గర ఆమె కనిపించకపోవడం ద్వారా తెలియాలి.

ఉత్తరం సంగతికి వద్దాం. ఈమెయిల్ వద్దు. సెన్సెయ్ పది రోజులకు పైగా కూర్చుని రాసినది అది, రిజిస్టర్డ్ పోస్టులో కట్టలా వస్తుంది. యాభై ఏళ్ల అలాంటి మనిషి 2019లోనూ కాగితం మీదే రాస్తాడు. అసలు చిక్కు కుర్రాడి ఫోన్. ‘ఇది నీకు అందేసరికి నేను ఉండను’ అన్న అర్థం వచ్చే వాక్యం కంటపడితే, ఇప్పటివాడు నవలలోని కుర్రాడిలా స్టేషన్‌కి పరిగెత్తడు, ముందు పోలీసులకు ఫోన్ చేస్తాడు. చెయ్యకపోతే కుర్రాడి మీద అసహ్యం పుడుతుంది. చేస్తే సెన్సెయ్ బతికినా బతకొచ్చు. దీనికి మందు జపాన్ తపాలాలోనే ఉంది. రిజిస్టర్డ్ పోస్టు సెలవు రోజుల్లోనూ బట్వాడా అవుతుంది, కానీ సంతకం పెట్టేవాళ్లు ఇంట్లో లేకపోతే చీటీ వదిలి వెళతారు, కట్టను ఏడు రోజులు పోస్టాఫీసులో ఉంచుతారు. కుర్రాడి తండ్రి ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఉన్నాడు, ఇంటిల్లిపాదీ అక్కడే. చీటీ పెట్టెలో పడి ఉంటుంది. నాలుగో రోజున బట్టల కోసం ఇంటికొచ్చిన కుర్రాడు దాన్ని చూస్తాడు. ఉత్తరం చేతికొచ్చేసరికి చేయగలిగిందేమీ లేదు. ఫోన్ చేస్తాడు, చేయనీ. అవతల ఎత్తేది సెన్సెయ్ భార్య. అప్పటికే అంతా తెలిసిన గొంతు. కుర్రాడు మొదటి పేజీ మాత్రమే చదివి ఉన్నాడు, కట్ట చేతిలోనే ఉంది. ఆమె ‘మీకేమైనా రాశారా’ అని అడిగితే ఏం చెప్పాలి? తన భార్యకు ఇవేవీ తెలియకూడదన్న సెన్సెయ్ కోరిక చివరి పేజీలో ఉంది, అతను ఇంకా అక్కడికి రాలేదు. నవలలో లేని సన్నివేశం ఇది, అయినా నవల లోపలి నుంచే పుట్టింది. కొత్తగా కల్పించేవన్నీ ఈ పద్ధతిలోనే పుట్టించు.

వాయిస్ ఓవర్ గురించి అడిగావు. 56 భాగాల ఉత్తరాన్ని గట్టిగా చదివితే గంటల తరబడి పడుతుంది, కాబట్టి ఎలాగూ చదివించలేవు. రెండు మూడు చోట్ల వాడు, అదీ గొంతు చెప్పేదానికీ తెర చూపేదానికీ తేడా ఉన్నప్పుడే. ఉదాహరణకు కె శవం పక్కన సెన్సెయ్ మొదట చేసే పని, కె వదిలిన ఉత్తరం గబగబా చదవడం. అందులో తన పేరు చెడగొట్టేదేమైనా ఉందా అని. లేదు. తేలిక పడి, అందరికీ కనబడేలా దాన్ని తిరిగి బల్ల మీద పెడతాడు. తెర మీద చేతులు ఆ పని చేస్తుండగా గొంతు మరేదో మర్యాదగా చెబుతుండాలి.

కె మరణాన్ని చూపించే తీరులో జాగ్రత్త. పనిముట్టు, గాయం, రక్తం పడిన తలుపు నువ్వు వివరంగా రాశావు. నవలలో ఉన్నాయి, నిజమే. కానీ ఆత్మహత్య విధానాన్ని వివరంగా తెరకెక్కించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా వాళ్ల కోసమే మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ కథకు అది అడ్డంకి కానే కాదు. తెరిచి ఉన్న తలుపు, ఆరిపోవస్తున్న దీపం, సెన్సెయ్ ముఖం. అంతకు మించి అక్కర్లేదు.

సెన్సెయ్ భార్యను నువ్వు మూడో అంకంలో గూఢచారిని చేశావు. పాత డైరీలు వెతికించావు. ఆమెకు ఆధునికత ఇవ్వాలని తాపత్రయం, అర్థమైంది. అవసరమైనది సోసెకి ముందే పెట్టాడు. మొదటి ఖండంలో 16 నుంచి 20 దాకా కార్డులు తీయి. చుట్టుపక్కల దొంగతనాలు జరుగుతున్నాయని, సెన్సెయ్ బయటికి వెళ్లిన రాత్రి కుర్రాడు ఇంటికి కాపలాగా వస్తాడు. ఆమె టీ పోసి మాట్లాడుతుంది. పెళ్లికి ముందు ఆయన ఇలా ఉండేవాడు కాదని, ఒక స్నేహితుడు పోయాక మారాడని, అది మామూలు చావు కాదని గొంతు తగ్గించి చెబుతుంది. తప్పు నాదేమో చెప్పమని భర్తను ఎన్నోసార్లు అడిగానంటుంది. ఈ సన్నివేశానికి ఎనిమిది నిమిషాలు ఇవ్వు, కట్ లేకుండా తీయగలిగేలా రాయి. నేను చెప్పిన లెక్కలో 2019 నాటికి ఆ దాంపత్యానికి దాదాపు ముప్ఫై ఏళ్లు, నవలలో కంటే ఎంతో ఎక్కువ. పిల్లల్లేరు, ఎప్పటికీ ఉండరని సెన్సెయ్ మొదట్లోనే అనేస్తాడు. యాభైకి దగ్గరపడిన ఆవిడ నోట ఆ మాటలు ఇరవైల్లో ఉన్న కుర్రాడు వినడం వేరు. ఆ బరువు ముందు డైరీలు తేలిపోతాయి.

పాత సినిమాలు చూడు, కానీ మొదటి ముసాయిదా ముగిశాకే. కొన్ ఇచికావా 1955లో తీశాడు, కానేటో షిందో 1973లో కథను తన కాలానికి తెచ్చాడు. ఇచికావా సినిమాలో నటుడు మసయుకి మోరికి అప్పటికి 44 ఏళ్లు, విద్యార్థి సెన్సెయ్ కూడా ఆయనే. నీ కథలో ముప్ఫై ఏళ్ల దూరం ఉంది కాబట్టి ఇద్దరు నటులు తప్పనిసరి, పోలిక ముఖంలో కంటే నడకలో వెతకమని చెప్పు. ఇచికావా పాత్రలకు పేర్లు కూడా పెట్టాడు. నువ్వూ పెట్టాలి. ఒకే కప్పు కింద బతుకుతూ అన్నం వడ్డించే ఇంటావిడ ‘కె’ అని పిలవదు. ఆ అక్షరం సెన్సెయ్ ఉత్తరంలో మాత్రమే ఉండనీ.

నిడివి. అక్కడి స్క్రిప్టు 400 అక్షరాల గళ్ల కాగితం మీద కొలుస్తారు, ఒక కాగితం సుమారు ఒక నిమిషం. నీది 142 కాగితాలు. ఈ కథలో మౌనాలు ఎక్కువ, ‘తలుపు తెరుచుకుంటుంది’ అనే ఒక్క పంక్తి తెర మీద అర నిమిషం తింటుంది. 115 నిమిషాల సినిమాకి 100 కాగితాలు దాటకు. నవల కార్డుల లెక్కలో కుర్రాడిది 54, ఉత్తరం 56, దాదాపు సగం సగం. నువ్వు గతానికి మూడొంతులు ఇచ్చి కుర్రాడిని కథ వినేవాడిగా మిగిల్చావు. అతని తండ్రి మంచం దగ్గర కనీసం 15 కాగితాలు ఉండాలి. కన్నతండ్రిని వదిలేసి ఎవరి కోసమో రైలెక్కడం అనే తప్పు అతనూ చేస్తేనే సెన్సెయ్ తప్పు అతనికి అర్థమవుతుంది.

రెండో ముసాయిదా ఇప్పుడే మొదలుపెట్టకు. ముందు ఆ పట్టిక పూర్తి చేసి ఫోటో తీసి పంపు. ఆ తర్వాత అక్కడివాళ్లు హాకోగాకీ అనే సన్నివేశాల గళ్లు, ఎనభైకి మించకుండా. ప్రతి గడి కింద ఒక వాక్యం ఉండాలి: ఈ మనిషి ఇప్పుడు నోరు ఎందుకు విప్పలేకపోతున్నాడు. సంభాషణలు అది చూశాక మాట్లాడుకుందాం.

ఉంటాను,
అన్న